కొమ్ము జారిన మాట

ఆ బడి బస్సు నడిపే డ్రైవరుకు కోపం రాదని పేరు. వెనక సీట్లలో పిల్లలు ఈలలు వేసి గోల చేసినా, "ఒరేయ్ నాయనలారా, ఈ చెవులు నావేరా, అద్దెకు తెచ్చుకున్నవి కావు" అనేవాడే తప్ప గొంతు పెంచేవాడు కాదు. అడ్డంగా దూరిన మోటారు సైకిలు వాణ్ణి కూడా తిట్టడు. చెయ్యి ఊపి, పోనీలే పొమ్మంటాడు.

ఇంట్లో భార్యకు ఇదో పెద్ద లోటు. "పోట్లాటకు ఇద్దరుండాలయ్యా. నేనొక్కదాన్నే ఎంతసేపని అరవను? నువ్వూ ఓ చెయ్యి వెయ్యవేం?" అనేది. ఆవిడ నాలుగు వీధుల అవతల ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం వల్లనో ఏమో, ఆ వేడి కొంత నోటికీ అంటుకుంది.

కోపం రాని ఆ మనిషికి ఒక్క పట్టుదల మాత్రం ఉండేది. మందు ముట్టడు. తాగేవాళ్ళ పక్కన కూర్చోడు. దగ్గుకు సీసా మందు ఇచ్చినా మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేసేవాడు. దానికి కారణం అతని అన్న. స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆ అన్నే. లారీ నడిపేవాడు. ఒక సాయంత్రం పూటుగా తాగి నడుపుతూ, రోడ్డు పక్కన సైకిలు తోసుకుంటూ వెళ్తున్న మనిషి మీదకు ఎక్కించేశాడు. మర్నాడు ఆ చనిపోయిన మనిషి భార్య వీళ్ళ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. అలా చూసి వెళ్ళిపోయింది. అన్న జైలుకు వెళ్ళాడు, వచ్చాడు, ఎక్కువ కాలం బతకలేదు. తమ్ముడు మాత్రం ఆ చూపును ఈనాటికీ మోస్తూనే ఉన్నాడు. ఊరూ మర్చిపోలేదు. "ఫలానా లారీ వాడి తమ్ముడు" అనే మాట అతని వెనకాలే తిరిగేది. బడిలో చేరేటప్పుడు ప్రిన్సిపాల్ మేడం లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూసి, "నీకు ఆ అలవాటు లేదు కదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. లేదన్నాడు. లేదు కూడా.

సంగతి జరిగింది ఒక మధ్యాహ్నం, బడి వదిలాక. ఎండ మండిపోతోంది. బస్సులో ఆరేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. నోటికి తాళం లేదు. ఎక్కింది మొదలు దిగేదాకా వాగుతూనే ఉంటుంది. అందుకే డ్రైవరు దానికి చిలక అని పేరు పెట్టాడు. ఆ రోజు చిలక పలకలేదు. అద్దంలో చూస్తే మొహం పాలిపోయి ఉంది. "ఆయమ్మా, ఆ పిల్లను చూడు" అనేలోపే వాంతి చేసుకుంది.

బస్సు పక్కకు ఆపాడు. తన సీసాలో నీళ్ళతో దాని మొహం కడిగాడు, నోరు పుక్కిలింపించాడు. ఎత్తుకోబోతే రెండోసారి అతని చొక్కా మీదే కక్కేసింది. "పోనీలేమ్మా, చొక్కాకి ఆకలేసింది" అన్నాడు. ఆ నీరసంలోనూ పిల్ల నవ్వింది. వెనక సీట్లలో కుదుపు ఎక్కువని, ముందు తన పక్కనుండే సీటులో పడుకోబెట్టి కిటికీ తీశాడు. ఎప్పుడూ అక్కడ కూర్చునే ఆయా లేచి వెనక పిల్లల దగ్గరికి వెళ్ళింది. బస్సు నడక మొదలుపెట్టింది. నడకే, పరుగు కాదు. గుంట కనబడితే చాలు, గుడ్ల బుట్ట దించినట్టు దించుతున్నాడు.

ఆయా చిలక వాళ్ళమ్మకు ఫోను చేసింది. ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో నర్సు.

"పాపకు వాంతులయ్యాయండీ. ఇప్పుడు ఫరవాలేదు."

"అయ్యో! ఎక్కడ పడుకోబెట్టారు? ఒక్కతే ఉందా?"

జవాబు చెప్పేలోపు అవతల ఎవరో పిలిచారు. ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పిల్ల తల్లి బెంగపడుతుందని ఆయాకు బెంగ. మిగిలిన సమాధానం రాసి పంపేద్దామనుకుంది. ఫోను తెరవగానే ఆ రూటు తల్లిదండ్రుల గ్రూపు పైన కనిపించింది. అందులో చిలక వాళ్ళమ్మా ఉంటుంది. బస్సు ఎలాగూ ఆలస్యం, అందరికీ చెప్పినట్టూ ఉంటుందని అందులోనే రాసింది. ఆమె ఫోను అద్దం ఒక మూల పగిలి ఉంటుంది. అక్కడ వేలు గట్టిగా నొక్కితేగాని అక్షరం పడదు. కదిలే బస్సులో, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక పిల్లాడు కొంగు లాగుతుంటే, బొటనవేలితో కొట్టి పంపేసింది.

ఆమె రాయాలనుకున్నది ఇది: "బస్సు కొంచెం లేటు. డ్రైవరన్న ముందు వేసుకుని నెమ్మదిగా వస్తున్నాడు. కంగారు పడకండి."

ముందు అనే మాటలో 'ము'కు కొమ్ము పడలేదు.

"డ్రైవరన్న మందు వేసుకుని నెమ్మదిగా వస్తున్నాడు. కంగారు పడకండి" అని వెళ్ళింది. ముప్పై ఇళ్ళకు వెళ్ళింది.

మొదటి స్టాపు ఒక పెద్ద అపార్టుమెంటు గేటు. మామూలుగా అక్కడ ముగ్గురో నలుగురో తల్లులు గొడుగులు వేసుకుని నిలబడి ఉంటారు. ఆ రోజు గేటు నిండా జనం. ఆఫీసుల నుంచి ఉన్నపళంగా వచ్చేసిన తండ్రులు, వాచ్‌మన్, పక్క షాపుల వాళ్ళు. ఎవరికో ఏదో అయిందనుకున్నాడు డ్రైవరు. బ్రేకు వేసి తల బయటపెట్టి, "ఏమైంది సార్?" అన్నాడు.

అడిగింది సిమెంటు కొట్టాయన్ని. ఆయన పిల్లలిద్దరూ ఆ బస్సులోనే వస్తారు. మనిషి భారీ. గొంతు అంతకన్నా భారీ.

"ఏమైందా? దిగరా కిందకి!"

తలుపు లాగాడు, కాలరు పట్టి కిందకు లాగాడు. డ్రైవరు కాళ్ళు నేల మీద ఆనీ ఆనకముందే చెంప ఛెళ్ళుమంది.

"పిల్లల బండిరా ఇది! తాగి నడుపుతావా? అన్న బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు!"

డ్రైవరుకు చెవిలో గుయ్యిమంటోంది. "నేనా? నేను తాగడమేంటి సార్?" అన్నాడు. ఆ మాట ఎవరికీ చేరలేదు. "చొక్కా చూడండి, కక్కుకున్నాడు కూడా" అంది ఒకావిడ ముక్కు మూసుకుని.

"తాగలేదా? అయితే ఊదు. ఏదీ, ఊదు" అన్నాడు సిమెంటు కొట్టాయన మొహం దగ్గరగా పెట్టి.

డ్రైవరు ఊదాడు.

నోరు గుండ్రంగా చుట్టి, కళ్ళు మూసుకుని, అంతమంది ఎదుట, బస్సు కిటికీల నిండా పిల్లలు చూస్తుండగా ఊదాడు. వాళ్ళకు దొరికింది లవంగం వాసన. అతనికి పన్నునొప్పి. పొద్దున్నుంచీ బుగ్గన లవంగం పెట్టుకుని ఉన్నాడు.

"చూశారా, వాసన రాకుండా లవంగం నమిలాడు. తెలివి చూడండి" అన్నారెవరో.

ఈలోగా ఆయా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "అన్న ఎందుకు తాగుతాడండీ? ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరో ఎందుకు, నువ్వే చెప్పావు కదమ్మా" అని ఫోను ఆమె మొహాన పెట్టారు.

ఆమె చదివింది. "మందు కాదండీ! ముందు! ముందు వేసుకున్నాడు!" అని అరిచింది.

"అదేగా మేమూ అంటున్నది. మందు వేసుకున్నాడనేగా!"

"అయ్యో, ముందండీ! ము... ముందూ!"

"ఈవిడకీ నాలుక తిరగడం లేదు. ఇద్దరూ కలిసే వేసుకున్నట్టున్నారు" అన్నాడొకడు. నవ్వారు. ఆ గోలలో 'ము' ఏదో 'మ' ఏదో వినే ఓపిక ఎవరికుంది? గుంపులో కళ్ళజోడు పెట్టుకున్న ఒక తండ్రి మాత్రం ఫోను మరోసారి చూసుకుని, "ముందు అయ్యుంటుందేమో..." అని గొణిగాడు. గొణిగి, తన కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ముందు సీటులో చిలక నిద్ర లేచి ఏడుస్తోంది. తాళాలు లాక్కున్నారు. బడికి ఫోను వెళ్ళింది. ఇంకో డ్రైవరు వచ్చి బస్సు తీసుకుపోయాడు. ఇతను ఆ చొక్కాతోనే ఇంటికి నడిచాడు.

భార్య పనినుంచి వచ్చేసరికి దీపం కూడా వేసుకోకుండా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెంప మీద వేళ్ళ అచ్చు కనిపిస్తోంది. ఎవరు, ఎందుకు, ఎక్కడ అని అడిగి ఒక్కొక్క ముక్కే లాగింది. చొక్కా సంగతి విన్నా ఏమీ అనలేదు. చెంప సంగతి విన్నప్పుడు పళ్ళు కొరికింది. ఊదిన సంగతి దగ్గర ఆగింది.

"ఊదమంటే ఊదావా?"

అతను తల ఊపాడు.

"వాడెవడయ్యా నిన్ను ఊదమనడానికి? పోలీసా? ఎందుకు ఊదావు?"

అప్పటిదాకా అతను ఆ దెబ్బ గురించే ఆలోచిస్తున్నాడు. భార్య అడిగాకే తెలిసింది, నొప్పి దెబ్బది కాదని. ఎవడో ఊదమన్నాడు. తను ఊదాడు. తప్పు చేసినవాడిలా ఊదాడు. ఇరవై ఏళ్ళుగా ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక శుభ్రమైన ఊపిరి దాచుకుని తిరుగుతున్నాడేమో, అడగ్గానే తీసి చూపించాడు. అదీ వాళ్ళు నమ్మలేదు. కడుపులో ఏదో అంటుకుంది. కోపమంటే ఇదే కాబోలు అనుకున్నాడు. అలవాటు లేనివాడు కనుక దాన్ని ఎటు పెట్టాలో తెలియక, లేచి చొక్కా విప్పి గోడకేసి కొట్టాడు. భార్య తియ్యబోతే, "ఉండనీ, ఉతకొద్దు" అని అరిచాడు. కాపురానికి వచ్చాక అతను అరవగా ఆవిడ వినడం అదే మొదలు.

ఇంకాసేపటికి ఆయా వచ్చింది. వెంట చిలక వాళ్ళమ్మ, ఇంకా నర్సు బట్టల్లోనే ఉంది. డ్యూటీ దిగి ఫోను చూసుకునేసరికి జరగాల్సిందంతా జరిగిపోయింది.

"అన్నా, నా వేలు విరగ్గొట్టు. నావల్లే ఇదంతా" అని ఆయా గుమ్మంలోనే కూలబడింది.

"లే ముందు. నీ వేలు నన్ను కొట్టలేదు" అన్నాడు డ్రైవరు.

చిలక వాళ్ళమ్మ అతని చెంప చూసి చేతులు జోడించింది. "అన్నయ్యగారూ, నా కూతురు కక్కింది మీ మీద. దానికి మీరు దెబ్బ తిన్నారు. గ్రూపులో రాశాను, ఉన్నదున్నట్టు రాశాను" అని ఫోను అందించింది.

రాసింది నిజమే. పాపకు బాగోలేక డ్రైవరు ముందు సీటులో పడుకోబెట్టుకుని జాగ్రత్తగా తెచ్చాడని, అది మందు కాదు ముందు అని, అందరూ తొందరపడ్డారని వివరంగా రాసింది. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. కళ్ళ నీళ్ళు వచ్చేట్టు నవ్వేవి, పొట్ట పట్టుకుని నవ్వేవి. "ఒక్క కొమ్ము ఎంత పని చేసిందిరా బాబూ!" అని ఒకరు. "ఆయాగారికి ఎవరైనా గుణింతం నేర్పండి" అని ఒకరు. "మందుకు ముందు జాగ్రత్త అవసరం" అని ఇంకో చమత్కారి. అన్నిటికన్నా కింద సిమెంటు కొట్టాయన: "హహ, పొరపాటు. కథ సుఖాంతం."

డ్రైవరు అది రెండుసార్లు చదివాడు. కొట్టినప్పుడు వాళ్ళకు తెలియదు, సరే. తెలిశాక నవ్వారు. ముప్పై ఇళ్ళలో ఒక్కరికైనా నవ్వుకు ముందు ఇంకేదీ తోచలేదు. "దేనికి సుఖాంతం? ఎవడికి సుఖాంతం?" అన్నాడు. గొంతు అతనిది కాదన్నట్టుంది.

అంతలో ప్రిన్సిపాల్ మేడం ఫోను. "అంతా తేలిపోయిందయ్యా, రేపు వచ్చెయ్. నీకు న్యాయం చేశాం. ఆ ఆయాను మానిపించేశాను."

ఆ మాట ఆయాకూ వినిపించింది. ఫోను పెట్టేసి డ్రైవరు ఆమె వైపు చూశాడు. ఏడుపు ఆపేసి, రాయిలా కూర్చుంది.

మర్నాడు వెళ్ళాడు. బస్సు దగ్గరికి కాదు, ఆఫీసు గదికి. మేడం బల్లకు అటు, సిమెంటు కొట్టాయనా కళ్ళజోడు తండ్రీ ఇటు కూర్చుని ఉన్నారు. బల్ల మీద టీ కప్పులు, అట్టపెట్టెలో కొత్త చొక్కా.

"రావయ్యా రా, కూర్చో" అన్నాడు సిమెంటు కొట్టాయన వెన్ను తట్టి. "పిల్లల విషయం కదా, రక్తం ఉడికింది. మనసులో పెట్టుకోకు. ఇదిగో, నీ కొలత సరిపోతుందో లేదో."

"నేను అప్పుడే అనుకున్నాను, అది ముందు అయ్యుంటుందని" అన్నాడు కళ్ళజోడు తండ్రి, మంచితనం ఒలకబోస్తూ.

డ్రైవరు ముందు అతని వైపే తిరిగాడు. "అనుకున్నారా?"

"అనుకున్నానయ్యా. చదవగానే అనుమానం వచ్చింది."

"మరి అనలేదేం సార్?"

"అంటే... ఆ గోలలో..."

"ఆయనకు తెలియక కొట్టాడు. మీరు తెలిసి వెళ్ళిపోయారు. మీకన్నా ఆయనే నయం" అన్నాడు డ్రైవరు. కళ్ళజోడు తండ్రి టీ కప్పులోకి చూసుకోవడం మొదలుపెట్టాడు.

"సర్లే, అయిపోయిందేదో అయిపోయింది. నీకేం కావాలో చెప్పు" అంది మేడం విసుగ్గా.

"రెండు కావాలి. ఆయమ్మను మళ్ళీ పెట్టుకోవాలి. ఆవిడ వేలు జారింది, అంతే. చెయ్యి ఎత్తినవాళ్ళు కుర్చీల్లో కూర్చుని టీ తాగుతున్నారు, వేలు జారినావిడ ఇంట్లో కూర్చోవాలా? రెండోది, ఈ సార్ నన్ను ఎక్కడ కొట్టారో అక్కడే, ఏ పిల్లలు చూస్తుండగా ఊదమన్నారో ఆ పిల్లల ముందే, తప్పు నాది అని చెప్పాలి."

సిమెంటు కొట్టాయన మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది.

"చొక్కా తెచ్చాను, పక్కన కూర్చోబెట్టుకున్నాను, ఇంకా నడివీధిలో నీకు క్షమాపణ చెప్పాలా? ఏం, నీకేమన్నా కొమ్ములొచ్చాయా?"

డ్రైవరు లేచాడు. "నాకెందుకొస్తాయి సార్? రావాల్సిన చోట రాలేదనేగా ఈ గొడవంతా! అక్కడ ఒక్కటి వచ్చి ఉంటే మీరు నన్ను ముట్టుకునేవారు కాదు. ఒక అక్షరం పక్కన గీత లేకపోతే నేను తాగుబోతునైపోయాను. రోజూ మీ పిల్లల్ని ఎక్కించి దించుతున్నానే, అదేమీ మీకు కనపడలేదు. అక్షరం పొరపాటు కాదు సార్, మీరు నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. నేను ఎప్పుడు తాగుతానా అని కాచుకుని ఉన్నారు!"

ఆఖరి మాటకు గొంతు పెరిగింది. బయట గుమాస్తాలు తలలు పైకెత్తారు. తాళాలు మేడం బల్ల మీద ఉంటే వాటి వంక చూడకుండా, చొక్కా పెట్టె ముట్టుకోకుండా బయటికి వచ్చేశాడు.

ఆ తర్వాత ఇంట్లో ఉన్న రోజులు అతనికీ కష్టమే, ఇంట్లో సామానుకూ కష్టమే. కోపం చేతుల్లోకి దిగి ఊరికే కూర్చోనిచ్చేది కాదు. కుళాయి కారుతోందని విప్పాడు, ఫ్యాను చప్పుడు చేస్తోందని దించాడు, బాగున్న తలుపు గడియను కూడా విప్పి బిగించాడు. మధ్యమధ్య ఆ గదిలో అనాల్సిన మాటలు గోడకు చెప్పేవాడు. భార్య పక్కింటావిడతో, "మా ఆయన తిడుతుంటే భలే ఉందమ్మా. ఇంత సరుకు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో" అనేది. అని, లోపలికొచ్చి మెల్లగా, "ఇంకో బడిలో చూద్దామా?" అని అడిగేది. "చూడను. ఇక్కడినుంచి తాగుబోతు పేరుతో పోను" అనేవాడు.

అక్కడ బస్సు కొత్త డ్రైవరు చేతిలో పడింది. వాడికి ప్రతి మలుపూ పందెమే. చిలక వాళ్ళమ్మ, ఆయా లేని బస్సులో తన పిల్లను పంపనని మొహమాటం లేకుండా మేడంతో చెప్పేసింది. ఆవిణ్ణి చూసి ఇంకొందరు తల్లులూ ఆటోలు మాట్లాడుకున్నారు. అయినా మేడం కదల్లేదు. కదిలించింది పిల్లలే.

బస్సులో పిల్లలు ఒక కొత్త ఆట కనిపెట్టారు. ఒకడు డ్రైవరు అవుతాడు. ఇంకొకడు కాలరు పట్టుకుని సీటులోంచి లాగి, "ఏదీ, ఊదు" అంటాడు. వాడు ఊదాలి. ఊదగానే చెంప మీద ఒకటి పడుతుంది. మొదట్లో ఉత్తుత్తి దెబ్బలే. ఆటలో కొట్టే వేషం ఎప్పుడూ సిమెంటు కొట్టాయన చిన్నకొడుకుదే. అది వాడి హక్కని మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు, చేసింది వాడి నాన్నే కదా మరి! ఒక రోజు ఊదనన్నాడొక పిల్లాడు. వాడు కళ్ళజోడు తండ్రి అన్నగారి కొడుకు, బక్కపలచటి వాడు. ఊదనన్నందుకు నిజంగానే పడింది. కింది పెదవి చిట్లి, పాల పన్ను ఊడి, చొక్కా నిండా రక్తం.

సిమెంటు కొట్టాయన్ని బడికి పిలిపించారు. ఇంకా బెంచీ మీద వెక్కుతూ కూర్చున్న పిల్లాణ్ణి, వాడి చొక్కాను చూశాడు. కొడుకును గట్టిగా పట్టుకుని, "ఎందుకు కొట్టావురా?" అని చెయ్యెత్తాడు.

"ఊదమంటే ఊదలేదు నాన్నా. నువ్వు కొట్టలా?" అన్నాడు వాడు. తెగింపుతో కాదు. లెక్క అడిగితే జవాబు చెప్పినట్టు చెప్పాడు.

ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో ఆయనకు తెలియలేదని, అక్కడే ఉన్న గుమాస్తా తర్వాత అందరికీ చెప్పాడు.

రెండు రోజుల తర్వాత గుమాస్తా వచ్చి డ్రైవరును పిలుచుకెళ్ళాడు. ఆయాను మళ్ళీ తీసుకున్నారు. మర్నాడు పొద్దున్నే బస్సు ఆ అపార్టుమెంటు గేటు దగ్గర ఆగేసరికి తల్లిదండ్రులంతా నిలబడి ఉన్నారు. పిల్లలు ఎక్కబోతుంటే సిమెంటు కొట్టాయన ఆగమన్నాడు. బస్సు తలుపు దగ్గరికి వచ్చాడు. షాపులో కూలీల మీద అరిచే ఆ గొంతు ఏమైందో, మొదటి మాట గాలికే పోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఆ రోజు... ఈయన తాగలేదు. నేను సరిగ్గా చదవకుండా, అడగకుండా కొట్టాను. ఊదమనడం కూడా తప్పే. తప్పు నాది." చిన్నకొడుకు తల మీద చెయ్యి వేసి, "నువ్వూ వినరా" అన్నాడు. అంతే. డ్రైవరు మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు. బస్సు టైరుకు చెప్పినట్టు చెప్పాడు.

పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. పెద్దవాడొకడు తప్పు ఒప్పుకోవడం వాళ్ళెప్పుడూ చూసినట్టు లేదు. మెట్టు మీద నిలబడ్డ ఆయా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇది వినగానే గుండెల మీద బరువు దిగిపోతుందని డ్రైవరు అనుకున్నాడు. దాని కోసమే కదా ఇన్నాళ్ళూ పట్టుబట్టింది. దిగలేదు. తను అడిగినదాంట్లో అన్యాయం లేదనిపించింది, మొండిగా అడిగి మంచిపనే చేశాననిపించింది. కానీ ఎదురుగా ఉన్న ఆ మొహాలన్నిటినీ చూస్తే, ఆ రోజు నవ్విన నవ్వులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. టైరు వంక చూసి చెప్పిన ఆ మనిషి కనీసం నోరు తెరిచాడు. నవ్విన వాళ్ళు? "నాలుక తిరగడం లేదు" అన్నవాడు అదిగో, సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడికి తనన్నది గుర్తు కూడా ఉండి ఉండదు.

"ఇంకేం, తీరిపోయిందిగా! ఇక నవ్వవయ్యా" అన్నాడు వాడే హుషారుగా.

"నవ్వు రావడం లేదండీ. బండి నడపడానికి అది అక్కర్లేదు కూడా" అన్నాడు డ్రైవరు. "ఎక్కండి పిల్లలూ, గంట కొట్టేస్తారు." తలుపు వేసి గేరు మార్చాడు.

ఆ ఏడాదంతా నడిపాడు. పిల్లలతో మునుపటిలాగే ఉండేవాడు. సిమెంటు కొట్టాయన చిన్నకొడుకు ఎక్కేటప్పుడు తడబడితే చెయ్యి అందించేవాడు. పెద్దవాళ్ళ పలకరింపులకు మాత్రం తల ఊపేవాడు, అంతకు మించి కాదు. అడ్డం దూరిన మోటారు సైకిళ్ళను ఇప్పుడు నిలబెట్టి అడుగుతున్నాడు. ఊళ్ళో "పాపం, మంచివాడు, కాస్త కోపిష్టి అయిపోయాడు" అనుకుంటున్నారు. ఆ మాట ఇస్త్రీ దుకాణంలో తన చెవిన పడి, బట్టల మీద నీళ్ళు చల్లుతూ భార్య గట్టిగా నవ్విందట.

ఒక సాయంత్రం పెట్రోలు బంకులో సిమెంటు కొట్టాయన ఎదురుపడి నమస్కారం పెట్టాడని, తను చూడనట్టు తల తిప్పుకున్నానని ఇంటికొచ్చి చెప్పాడు.

"ఇంకా తగ్గలేదా?" అంది భార్య కంచం పెడుతూ.

"లేదు. తగ్గినప్పుడు చెప్తాలే."

"తొందరేం లేదు" అంది ఆవిడ. "కూర్చో, చల్లారిపోతుంది."